ఊరూ పేరూ లేని ఓఎస్ నేర్చుకుంటే లాభమేంటి?

అందరూ వాడేదే నేర్చుకోమంటుంది బజారు. మరి పక్కవాళ్లెవరూ పేరు కూడా వినని ఆపరేటింగ్ సిస్టమ్ ముందు రాత్రిళ్లు కూర్చునే కుర్రాళ్లకు ఏం దొరుకుతోంది?

ఉదయం తొమ్మిదీ యాభై ఎనిమిది. సికింద్రాబాద్ రైల్వే రిజర్వేషన్ కేంద్రం. ఏసీ తత్కాల్ తెరవడానికి ఇంకా రెండు నిమిషాలు. వరసలో మొదటి మనిషి నింపిన ఫారాన్ని కౌంటర్ కన్నంలోంచి అప్పుడే లోపలికి తోసేసి, చెయ్యి వెనక్కి తీసుకోకుండా అక్కడే ఆనించి నిలబడ్డాడు. అతని వెనక ఒకామె పిల్లాణ్ని ఈ చంక నుంచి ఆ చంకకు మార్చుకుంటూ గోడ గడియారం వంక చూస్తోంది. "స్లీపర్‌ది పదకొండుకి కదా" అని ఎవరో అంటే, "ముందే నిలబడితే పోయేదేముంది" అని ఇంకెవరో జవాబిచ్చారు. పది కొట్టింది. లోపల కీబోర్డుల చప్పుడు వడగళ్ల వానలా మొదలైంది. రైలు నంబరు, తేదీ, తరగతి, పేరు, వయసు. ప్రింటర్ గరగరమంది. మొదటి మనిషి టికెట్టు అందుకుని, బెర్తు నంబరు చూసుకుని, అప్పుడు ఊపిరి వదిలాడు.

ఆ టికెట్టు ఏ ఆపరేటింగ్ సిస్టమ్ మీద పుట్టిందో ఆ వరసలో ఎవరూ చెప్పలేరు. చెప్పాల్సిన అవసరమూ లేదు. కంప్యూటర్ సైన్సు చదివే పిల్లల్ని అడిగితే విండోస్ అనో లినక్స్ అనో అంటారు. రెండూ కాదు. దేశం మొత్తం బెర్తుల లెక్క చూసే పెద్ద యంత్రాలను ఇన్నేళ్లూ నడుపుతూ వచ్చింది ఓపెన్‌వీఎంఎస్.

2025లో రైల్వే మంత్రి పార్లమెంటుకు ఇచ్చిన వివరాల్లో ఈ పేరు బయటికొచ్చింది. రిజర్వేషన్ వ్యవస్థ 2010లో పెట్టిన ఇటానియం సర్వర్ల మీద, ఓపెన్‌వీఎంఎస్ మీద నడుస్తోందనీ, నిమిషానికి సుమారు 25 వేల టికెట్లు ఇవ్వగలదనీ, దీని స్థానంలో నాలుగింతల సామర్థ్యంతో కొత్తది తెస్తున్నామనీ చెప్పారు. అప్పట్నుంచీ చదువుకునే పిల్లలతో మాట్లాడినప్పుడల్లా నాకు ఒకటే ప్రశ్న ఎదురవుతోంది. ఇలాంటివి నేర్చుకోవడం దండగా, పండగా?

"గిది నేర్చుకుంటే నౌకరి వస్తదా?"

అమీర్‌పేట మైత్రీవనం వెనక సందులో ఒక హాస్టల్ గది. నాలుగు మంచాల్లో మూడింటి మీద నిద్రపోతున్నారు. నాలుగో కుర్రాడి ల్యాప్‌టాప్‌లో నల్లటి తెర, ఎడమ అంచున ఒక డాలర్ గుర్తు, దాని పక్కన మినుకుమినుకుమనే గీత. అంతే, బొమ్మలు లేవు, బటన్లు లేవు. కొడుకుని చూడ్డానికి మిర్యాలగూడ నుంచి వచ్చిన తండ్రి రైస్‌మిల్లు లారీ నడుపుతాడు. డాలర్ గుర్తు చూసి ముందు సంబరపడ్డాడట. అది అమెరికా డాలరు కాదనీ, ఇక్కడ కమాండ్ కొట్టు అని యంత్రం చేసే సైగ అనీ తెలిశాక అడిగాడు.

"గిది నేర్చుకుంటే నౌకరి వస్తదా బిడ్డా?"

"చెప్పలేను నాయినా."

"మరి రాత్రి ఒంటిగంట దాంక ఎందుకు కూసున్నవ్?"

కొడుకు దగ్గర జవాబు లేదు. నాతో ఈ మాట చెప్పేటప్పుడూ లేదు. ఆ తండ్రి ప్రశ్న మాత్రం నన్ను వదల్లేదు. ఫీజుల కోసం లారీ స్టీరింగ్ ముందు రాత్రిళ్లు గడిపే మనిషికి సరైన జవాబు చెప్పాలి. ఈ కథనం ఆయన కోసం మొదలుపెట్టిందే.

ఆయన అడిగినదాంట్లో తప్పేమీ లేదు. అమీర్‌పేట మొత్తం ఆ ప్రశ్న మీదే లేచి నిలబడింది. 1990ల చివర్లో వైటూకే గండం ముంచుకొచ్చింది. సంవత్సరాన్ని రెండంకెల్లో రాసుకున్న పాత ప్రోగ్రాములు 2000 రాగానే తికమకపడతాయన్న భయంతో అమెరికా కంపెనీలు కోబాల్ భాష తెలిసినవాళ్ల కోసం గాలించాయి. మన జిల్లాల పిల్లలు ఇక్కడికొచ్చి, ఆ ప్రోగ్రాములు నడిచే మెయిన్‌ఫ్రేమ్ అనే పెద్ద కంప్యూటర్ల పని నెలల్లో నేర్చుకుని విమానం ఎక్కారు. ఇంటింటికీ తెలిసిన కథే. అందులో మనం మరిచిపోయే సంగతి ఒకటుంది. ఆనాటికే మెయిన్‌ఫ్రేమ్ పాతబడిన సరుకు. 1964లో ఐబీఎం సిస్టమ్ 360తో మొదలైన వంశం అది. కొత్త తరం చూపంతా విండోస్ మీదా యూనిక్స్ మీదా ఉన్నప్పుడు, అటకెక్కిందనుకున్న విద్యే మనవాళ్లకు వీసా తెచ్చిపెట్టింది. జెడ్ఓఎస్ అన్న పేరుతో ఆ వంశం ఇప్పటికీ పెద్ద బ్యాంకుల ఖాతాలు చూస్తోంది.

"అందరూ నేర్చుకునేదే నేర్చుకో" అన్న అమీర్‌పేట సూత్రం అమీర్‌పేట చరిత్రకే పూర్తిగా అతకదు.

▪ సికింద్రాబాద్‌తో చుట్టరికం ▪
*ఓపెన్‌వీఎంఎస్ పాత రూపమైన వీఎంఎస్ 1977 అక్టోబరులో పుట్టింది. అమెరికాలోని డిజిటల్ ఎక్విప్‌మెంట్ కార్పొరేషన్ తన వ్యాక్స్ యంత్రంతో పాటు దీన్ని ప్రకటించింది. దాన్ని తీర్చిదిద్దిన వాళ్లలో ముఖ్యుడు డేవ్ కట్లర్ 1988లో మైక్రోసాఫ్ట్‌కు వెళ్లి విండోస్ ఎన్‌టీ కట్టాడు. మన ఇళ్లలోని విండోస్ ఆ ఎన్‌టీ సంతతే.*
*రైల్వే సమాచార వ్యవస్థల కేంద్రం క్రిస్ తయారుచేసిన, ఓపెన్‌వీఎంఎస్ మీద నడిచే రిజర్వేషన్ సాఫ్ట్‌వేర్ పేరు కాన్సర్ట్. దాన్ని మొట్టమొదట అమర్చింది సికింద్రాబాద్‌లోనే, 1994 సెప్టెంబరులో. ఢిల్లీ, ముంబై, కోల్‌కతా, చెన్నై, సికింద్రాబాద్ కేంద్రాలు ఐదూ 1999 ఏప్రిల్ నాటికి ఒకే వలలోకి వచ్చాయి. సికింద్రాబాద్‌లో నిలబడి హౌరా నుంచి ఢిల్లీకి టికెట్టు తీసుకోగలగడం ఆనాటి వింత.*

మేము, మనం

హాస్టల్ కుర్రాడు నాకు మొదట చూపించింది ఒక చిన్న సంగతి. ఓపెన్‌వీఎంఎస్‌లో ఒక ఫైల్ రాసి దాచుకున్నాడు. పేరు చివర సెమీకోలన్, దాని పక్కన ఒకటి అంకె. అదే ఫైల్ తెరిచి నాలుగు వాక్యాలు మార్చి మళ్లీ దాచాడు. ఇప్పుడు రెండు ఫైళ్లున్నాయి. పాతది ఒకటి, కొత్తది రెండు. ఇంకోసారి మారిస్తే మూడు. "నేను పుర్జ్ అని చెప్పేదాకా పాతది చెరపదు సార్" అన్నాడు. పర్జ్ అనే కమాండ్‌ను వాడు పుర్జ్ అంటాడు. నాకు ఆ ఉచ్చారణే నచ్చింది.

విండోస్ మీద పెరిగినవాడికి కొత్తది దాచగానే పాతది పోవడం ప్రకృతి ధర్మం. అలా కాకుండా ఉండొచ్చన్న ఊహే రాదు. ఇది నాకు మన భాషలోని ఒక విషయాన్ని గుర్తుచేసింది. తెలుగువాడికి మేము వేరు, మనం వేరు. "మేము సినిమాకి వెళ్తున్నాం" అంటే నువ్వు ఇంట్లో ఉండు అని. "మనం వెళ్తున్నాం" అంటే చెప్పులేసుకో అని. ఇంగ్లిష్ ఒక్కటే తెలిసినవాడికి ఈ రెండింటికీ ఒకే మాట. అందులో ఒక లోటుందని కూడా అతనికి తెలియదు, తెలుగు నేర్చుకున్న రోజున తప్ప. రెండో ఆపరేటింగ్ సిస్టమ్ చేసేది అదే. అది చూశాక మొదటిదాని అలవాట్లు అలవాట్లుగా కనిపిస్తాయి. ఎవరో కొందరు ఓ గదిలో కూర్చుని ఇలా చేద్దాం అనుకున్నారు, ఇంకో గదిలో ఇంకొందరు అలా అనుకున్నారు. ఆ అనుకోవడంలో తనకూ వంతుందన్న ధైర్యం ఇరవై ఏళ్ల కుర్రాడికి రావడం చిన్న విషయం కాదు.

అలాగని విండోస్ నుంచి లినక్స్‌కు మారితే ఈ కుదుపు అంతగా ఉండదు. రెండూ ఇప్పుడు పక్కపక్క ఇళ్లలాంటివి. కుదుపు కావాలంటే దూరపు ఊరికే పోవాలి.

పళ్లెం కింది కాగితం మీద

అలాంటి దూరపు ఊరు ఒకటి ప్లాన్ 9. యూనిక్స్ పుట్టిన బెల్ ల్యాబ్స్‌లోనే, ఆ యూనిక్స్ కట్టినవాళ్లలో కొందరే 1980ల నడుమ మొదలుపెట్టిన కొత్త ప్రయత్నం. కెన్ థాంప్సన్, రాబ్ పైక్, వాళ్ల జట్టు. తెర మీది కిటికీ, నెట్‌వర్కు, పక్క గదిలోని యంత్రం, అన్నీ ఫైళ్లలాగే కనిపించాలన్నది వాళ్ల పట్టుదల. 1992లో విశ్వవిద్యాలయాలకు ఇచ్చారు. బజారులో నిలవలేదు. ఇవాళ దాన్ని రోజూ వాడేవాళ్లు ఏ నగరంలో చూసినా వేళ్ల మీద లెక్కపెట్టేంతమంది.

కానీ 1992 సెప్టెంబరులో ఒక సాయంత్రం జరిగింది చూడండి. ప్రపంచంలోని అన్ని లిపులనూ కంప్యూటర్లో దాచడానికి తాము రాసుకున్న పద్ధతిని చూసి చెప్పమని ఓ ప్రమాణాల సంఘం వాళ్లు బెల్ ల్యాబ్స్‌కు ఫోన్ చేశారు. అప్పటికే ఉన్న పద్ధతులు ప్లాన్ 9 వాళ్లకు నచ్చలేదు. ఇంగ్లిష్‌కు ఒక బైట్ చాలు, తక్కిన లిపులకు ఎక్కువ కావాలి, రెండూ ఒకే ఫైల్లో గొడవ పడకుండా ఉండాలి. థాంప్సన్, పైక్ ఆ రాత్రి న్యూజెర్సీలో ఓ చిన్న హోటల్‌కు భోజనానికి వెళ్లారు. పళ్లెం కింద పరిచిన కాగితం మీద థాంప్సన్ లెక్క వేశాడు. తిరిగొచ్చి కోడ్ రాశారు. కొద్ది రోజుల్లోనే ప్లాన్ 9 మొత్తం ఆ పద్ధతిలోకి మారిపోయింది. దాని పేరు యూటీఎఫ్-8. ఆ కాగితాన్ని ఎవరూ దాచలేదు.

ఇవాళ ప్రపంచంలోని వెబ్‌సైట్లలో 98 శాతానికి పైగా యూటీఎఫ్-8లోనే ఉన్నాయి. ఒకప్పుడు తెలుగు పత్రికల సైట్లు చదవాలంటే ఒక్కోదానికి ఒక్కో ఫాంటు దించుకోవాల్సి వచ్చేది. ఫాంటు లేకపోతే తెర మీద అర్థంలేని గుర్తుల వరస. ఒకరు పంపిన తెలుగు ఇంకొకరి దగ్గర తెలుగుగా తెరుచుకోవడమే గగనం. విజయవాడలో అమ్మ వాట్సాప్‌లో పంపిన "తిన్నావా" డల్లాస్‌లోని కొడుకు ఫోన్లో తిన్నావా అనే కనిపించడానికి అన్ని లిపులకూ ఉమ్మడి ప్రమాణమైన యూనికోడ్ ఒక కారణం, బజారులో ఓడిపోయిన ఓ ఆపరేటింగ్ సిస్టమ్ రెండో కారణం.

ఉద్యోగం మాటకొస్తే, ఇప్పుడు అమీర్‌పేట బోర్డుల మీద మెరిసే డాకర్, కుబర్నెటిస్ అనే సాఫ్ట్‌వేర్లను రాసింది గో భాషలో. ఆ భాషను గూగుల్‌లో తయారుచేసిన ముగ్గురిలో ఇద్దరు మళ్లీ పైక్, థాంప్సనే. దాని మొదటి కంపైలర్లు ప్లాన్ 9 కంపైలర్ల నుంచి వచ్చినవే. డాకర్‌కు పునాదిగా లినక్స్‌లో ఉన్న నేమ్‌స్పేస్ అనే ఏర్పాటుకు ప్రేరణ కూడా ప్లాన్ 9దే. విండోస్‌లో లినక్స్ నడుపుకునే ఏర్పాటు ఉంది కదా, అందులో ఫైళ్లు అటూ ఇటూ చేరేది ప్లాన్ 9 కోసం రాసిన నియమావళితోనే. ప్లాన్ 9 చూసినవాడు ఇవన్నీ మొదటిసారి ఎదురైనప్పుడు తెలిసిన ముఖాన్ని గుర్తుపట్టినట్టు గుర్తుపడతాడు. చూడనివాడు బట్టీ పడతాడు.

▪ తెలుగు అంటే 18 ▪
*"తెలుగు" అన్న మాట కంటికి మూడు అక్షరాలు. యూనికోడ్‌లో త, ఎత్వం, ల, కొమ్ము, గ, కొమ్ము: మొత్తం ఆరు గుర్తులు. యూటీఎఫ్-8లో ఒక్కో తెలుగు గుర్తుకు 3 బైట్లు, అంటే 18 బైట్లు. ఇంగ్లిష్ అక్షరానికి ఒకటే బైట్. 1991లో వచ్చిన యూనికోడ్ తొలి ప్రమాణంలోనే తెలుగుకు చోటు దొరికింది.*

జిరాక్సుల్లో బతికిన పుస్తకం

అమీర్‌పేటలో జిరాక్స్ నోట్సు కొనని విద్యార్థి ఉండడు. కంప్యూటర్ చరిత్రలో అలా జిరాక్సుల్లోనే బతికిన పుస్తకం ఒకటుంది. సిడ్నీలోని న్యూ సౌత్ వేల్స్ విశ్వవిద్యాలయంలో జాన్ లయన్స్ అనే అధ్యాపకుడు 1976లో తన విద్యార్థుల కోసం యూనిక్స్ ఆరో కూర్పుకు గుండెకాయ అయిన కెర్నల్ కోడ్‌ను అచ్చువేసి, దానికి వ్యాఖ్యానం రాశాడు. కోడ్ సుమారు తొమ్మిది వేల వరుసలు. మన పండితులు కావ్యానికి టీక రాసినట్టు వరుస వరుసకీ వివరణ. తరవాత వచ్చిన ఏడో కూర్పుతో ఏటీ అండ్ టీ సంస్థ ఇక ఈ కోడ్‌ను తరగతుల్లో చెప్పకూడదని షరతు పెట్టింది. పుస్తకం చాటుకు వెళ్లింది. ఒకరి దగ్గర తీసుకున్న నకలుకు ఇంకొకరు నకలు తీసి, దానికి మరొకరు తీసి, అక్షరాలు మసకబారేదాకా ఓ తరం చదువుకుంది. 1996లో గానీ అది బహిరంగంగా అచ్చు కాలేదు.

ఆ షరతు వల్ల ఇబ్బంది పడ్డ అధ్యాపకుల్లో ఆమ్‌స్టర్‌డామ్‌లోని ఆండ్రూ టానెన్‌బామ్ ఒకరు. చెప్పడానికి కోడ్ లేకపోతే నేనే రాస్తానని 1987లో మినిక్స్ అనే చిన్న ఓఎస్ రాసి, పాఠ్యపుస్తకంతో పాటు ఇచ్చాడు. విద్యార్థి ఒక్కడే కూర్చుని మొత్తం చదవగలిగినంత చిన్నది. హెల్సింకీలో ఒక విద్యార్థి ఆ పుస్తకం చదివి, కొత్తగా కొన్న కంప్యూటర్లో మినిక్స్ ఎక్కించుకుని, అందులో తనకు చాలనివి వెతుక్కున్నాడు. 1991 ఆగస్టు 25న మినిక్స్ వాడేవాళ్లకు ఓ సందేశం పంపాడు: సరదాగా ఒక ఓఎస్ రాస్తున్నాను, పెద్దదేమీ కాదు అని. ఆ విద్యార్థి లైనస్ టోర్వాల్డ్స్. ఆ సరదా లినక్స్. మన ఆండ్రాయిడ్ ఫోన్లన్నిటి అడుగునా ఉన్నది అదే.

మినిక్స్ కూడా పోలేదు. ఇంటెల్ చిప్‌లలో, యజమానికి కనపడకుండా పనిచేసే ఓ చిన్న కంప్యూటర్‌ను నడుపుతున్నది మినిక్సే అని 2017లో బయటపడింది. టానెన్‌బామ్ ఇంటెల్‌కు బహిరంగ లేఖ రాశాడు. వాడుకున్నందుకు అభ్యంతరం లేదు, ముందు ఒక మాట చెబితే బాగుండేది అన్నది దాని సారం.

ఇక్కడే నాకు కనిపించే అసలు లాభం. లినక్స్ కెర్నల్ మూడు కోట్ల వరుసలు ఎప్పుడో దాటింది. ఏ మనిషీ దాన్ని మొదటి నుంచి చివరి దాకా చదవలేడు. అమెరికాలోని ఎంఐటీ తన విద్యార్థుల కోసం ఎక్స్‌వీ6 అనే బుల్లి ఓఎస్ రాసుకుంది. లయన్స్ వ్యాఖ్యానం రాసిన ఆరో కూర్పే దానికి ఒరవడి. మొత్తం పది వేల వరుసల లోపే. రోజుకు వంద వరుసలు చదివితే నాలుగు నెలల్లోపు ఒక ఓఎస్ ఆసాంతం చదివినవాడివవుతావు. మీట నొక్కిన క్షణం నుంచి తెర మీద అక్షరం పడేదాకా నడుమ ఏం జరుగుతుందో తెలిసిన ఇంజినీరుకూ తెలియని ఇంజినీరుకూ తేడా, ఏదైనా చెడిపోయిన రోజున తెలుస్తుంది.

ఖాళీ చేయాలన్నా తెలిసినవాడే కావాలి

మళ్లీ రిజర్వేషన్ కౌంటర్‌కు వద్దాం. పాతదాన్ని తీసి కొత్తది పెడుతున్నప్పుడు ఓపెన్‌వీఎంఎస్ తెలిసినవాళ్లతో పనేముంది అనిపిస్తుంది. నిజానికి ఎక్కువ పని అప్పుడే. తాతల నాటి మండువా ఇల్లు పడగొట్టి కొత్తది కట్టేటప్పుడు ఏ గోడ భారం మోస్తోందో, ఏ దూలం కింద ఏముందో తెలిసిన మేస్త్రి పక్కన ఉండాలి. కోటా, వెయిటింగ్ లిస్టు, ఆర్‌ఏసీ, రద్దు, దశాబ్దాల నిబంధనలన్నీ ఆ కోడ్‌లోకి ఇంకిపోయి ఉంటాయి. కోడ్ చదవగలిగినవాడు లేకపోతే అవి కొత్త ఇంటికి రావు.

ఇలాంటి యంత్రాలను సంస్థలు ఇన్నేళ్లు ఎందుకు అంటిపెట్టుకుని ఉంటాయో చెప్పే సంఘటన ఒకటుంది. 2001 సెప్టెంబర్ 11న విమానాల దాడికి గురైన న్యూయార్క్ జంట సౌధాల పక్క భవనంలో జర్మనీకి చెందిన కామర్జ్‌బ్యాంక్ కార్యాలయం ఉండేది. దాడి తరవాత ఆ కంప్యూటర్ గదిలో వేడి పెరిగి యంత్రాలు ఆగిపోయాయి. ఓపెన్‌వీఎంఎస్ మీద నడిచే ముఖ్య సర్వర్ మాత్రం, సుమారు 50 కిలోమీటర్ల దూరంలోని రై పట్టణంలో ఉన్న డిస్కులను అందుకుని పని కొనసాగించింది. విడివిడి యంత్రాలను ఒకే యంత్రంలా నడిపే విద్యను వీఎంఎస్ 1980ల్లోనే నేర్చింది.

2013లో అప్పటి యజమాని ఎచ్‌పీ దీన్ని మెల్లగా వదిలించుకుంటున్నట్టు ప్రకటించింది. అంతటితో కథ ముగిసిందనుకున్నారు. 2014లో వీఎంఎస్ సాఫ్ట్‌వేర్ అనే చిన్న సంస్థ హక్కులు తీసుకుని, పాత తరం ఇంజినీర్లను కూడగట్టి, 2022 నాటికి మామూలు ఇంటెల్ తరహా చిప్‌ల మీద నడిచేలా చేసింది. వాళ్లకు తక్కువపడుతున్నది యంత్రాలు కాదు, కొత్త తరం మనుషులు.

నష్టమూ చెప్పుకోవాలి

ఇంత చదివి, ఇంట్లో పుస్తెలు తాకట్టు పెట్టి ఏ అరుదైన కోర్సులోనో చేరిపోతారేమోనని నా భయం. వద్దు. ఈ రంగాల్లో ఉద్యోగాలు ఉన్నాయి, కానీ కొద్ది. ఉన్నవీ ఎక్కువగా పదేళ్ల అనుభవం అడుగుతాయి. మొదటి ఉద్యోగం కోసం నేర్చుకోవాల్సింది లినక్స్, అదీ పైపైన కాదు, గట్టిగా. ఇంటి అప్పు నెత్తిన ఉన్న కుర్రాడు ప్లాన్ 9 ముందు కూర్చుంటానంటే, ముందు జీతం తెచ్చుకో నాన్నా అంటాను.

ఒంటరితనం కూడా ఉంటుంది. వైఫై పట్టదు. ప్రింటర్ పలకదు. అనుమానం వస్తే అడగడానికి పక్క గదిలో ఎవరూ ఉండరు. చాట్‌బాట్‌ని అడిగితే ఆ ఓఎస్‌లో లేని కమాండ్‌ను ఉన్నట్టే చెబుతుంది. దొరికేది మూల గ్రంథమే, అంటే మాన్యువల్. హాస్టల్ కుర్రాడు ఒక చిన్న సమస్యతో మూడు రాత్రులు గడిపాడు. నాలుగో రోజు మాన్యువల్‌లో ఒక పేరా దగ్గర జవాబు దొరికింది. "అంతకుముందు నేను దేన్నీ మొదటి నుంచి చదివింది లేదు సార్, వీడియో చూసి కొట్టేవాణ్ని" అన్నాడు. జవాబులు నిమిషంలో అందించే యంత్రాలు అందరి చేతిలో ఉన్న ఈ కాలంలో, జవాబు లేనిచోట మూడు రాత్రులు కూర్చోగలగడం అరుదైన ఓపిక. నియామకాలు చేసేవాళ్లు నలుగురు కనపడితే నేను ముందు చెప్పేది ఇదే: సర్టిఫికెట్ల వరస పక్కన పెట్టి, ఎవరూ అడగకుండా నువ్వు దేనితో కుస్తీ పట్టావని అడగండి.

▪ మొదలుపెట్టేవాళ్లకు ▪
*ఉన్న కంప్యూటర్‌ను చెరపక్కర్లేదు. వర్చువల్‌బాక్స్ గానీ క్యూఎము గానీ ఉంటే, కంప్యూటర్ లోపలే ఇంకో కంప్యూటర్‌ను నడుపుకోవచ్చు. ఎక్స్‌వీ6, మినిక్స్ 3, ప్లాన్ 9 వారసుడు 9ఫ్రంట్, పాత బీఓఎస్‌ను తిరిగి కడుతున్న హైకూ: అన్నీ ఉచితం. ఓపెన్‌వీఎంఎస్‌ను ఔత్సాహికుల కోసం సిద్ధంచేసిన వర్చువల్ మెషిన్‌గా ఇస్తున్నారు. సి భాష కొంత వచ్చి ఉంటే మొదట ఎక్స్‌వీ6, రాకపోతే హైకూ.*

మిర్యాలగూడ నాయినకు నేను చెప్పదలచుకున్నది ఇది. మీ అబ్బాయి చేస్తున్న పనికి ఫీజు లేదు. దీన్ని చూపించి వెంటనే ఎవరూ ఉద్యోగం ఇవ్వకపోవచ్చు. పగలు కాలేజీ చదువు, లినక్స్ వదలకుండా ఉన్నంతకాలం రాత్రి ఆ నల్లటి తెర ముందు కూర్చోనివ్వండి. ఒక్క ఆరు నెలలు. ఈసారి వచ్చినప్పుడు ఫైల్ పేరు పక్కన ఆ అంకె ఎందుకుందో వాణ్ని అడగండి. మీకు అర్థమయ్యేలా చెప్పగలిగితే, వాడు నేర్చుకున్నట్టే.